దిక్కులేనివి

కౌంటర్లో నా పక్కన కూర్చునే చెంగల్రాయుడు
నా ఫోను లాక్కొని ఏదో ఎక్కించి ఇచ్చినాడు.
"ఇది తేదీ అడగదు రెడ్డెమ్మక్కా,
పేరు అడగదు, ఊరు అడగదు.
ఫోటో తీసినప్పుడు నువ్వు ఏ పక్కకు తిరిగుంటే
మళ్ళీ ఆ పక్కకు తిరిగితేనే చూపిస్తాది."

పగలంతా మా పని పరాయి ఫోన్లు దాచిపెట్టడం.
గుడ్డసంచిలో వేసి, ముడేసి,
టోకెన్ చేతిలో పెట్టి, సంచి ఇనుప రాకులో పెడతాం.
సామి దగ్గరికి ఫోనుతో ఎవురూ పోకూడదు గదా.
సంచుల్లో అవి గుయ్యిమంటా ఉంటాయి,
పిలిచేది పెండ్లామో, అప్పులోడో.
ముట్టుకుంటాం. తెరవం.

రాత్రి కొర్లగుంటలో మిద్దె మీదికి పోయి
నాది నేను తెరిచినా.

ఉత్తరం.
అమ్మో, సంచి దబ్బున చిరిగినట్టు పడినాయి.
తిరపతోళ్ళం, ఎవుర్ని నిలబెట్టినా
వెనక కొండ లేకుండా బొమ్మ తీయం.
కొత్త స్కూటరు వెనక కొండ,
ఆడబిడ్డ కొడుకు బోడిగుండు వెనక కొండ,
గంగమ్మ జాతరకు చీర కట్టి, పూలు పెట్టి
మీసం మాత్రం దాచలేని మా మరిది వెనక కొండ.
కొండ మీద తీసిన వాటిలోనే
కొండ యాడా లేదు.

ఘాట్ రోడ్డులో ఒకే బస్సులో, ఒకే కిటికీలో నుంచి
గబగబా తీసిన నాలుగు బొమ్మలు
నాలుగు పక్కలకు చెదిరిపోయినాయి.
నేను మరిచిపోయిన మలుపులు
దీనికి గుర్తుండాయి.

దక్షిణం తిరిగి ఉలిక్కిపడినా.
అంతా నేనే.
కొండకు వీపు పెట్టి, చేయి చాపి
నన్ను నేను తీసుకున్నవన్నీ.
ఫోను వీపు అటుండింది గదా, దాని లెక్క దానిది.
నవ్విన మొకాలన్నీ తీసుకుపోయి
యముడి పక్కన వరసగా పేర్చింది.

నేలకు వంచితే ఇంకో కుప్ప:
రేషన్ కార్డు, ఆధారు, గ్యాసు బిల్లు,
స్కూలు ఫీజు రసీదు, మళ్ళీ ఆధారు.
ఎన్ని కాగితాలకు తల వంచినానో
ఇప్పుడు లెక్క తెలిసింది.

కింద నుంచి మా ఆయన గొంతు:
"నడిరాత్రి మిద్దె మీద ఆత్మప్రదక్షిణం ఏందిమే?"

అప్పుడు చూసినా, తెర నడిమధ్య
రూపాయి బిళ్ళంత గుండ్రం.
కింద రాసుండాది: దిక్కులేనివి, అరవై ఒకటి.
తెలుగు రాని మిషనేదో చేసిన తర్జుమా.
నవ్వొచ్చింది.
నువ్వే దిక్కు, నువ్వే దిక్కు అని
పొద్దస్తమానం క్యూలో వినే మాట,
దాన్ని తిరగేసి ఎవురో నా ఫోనులో రాసినారు.

నొక్కినా.
అన్నీ మా కౌంటరు లోపలివి.
ఇనుప రాకుల మధ్య సూదికి పిచ్చెక్కి
దిక్కు తేల్చుకోలేక వదిలేసినవి.
మునిరత్నమ్మ చింతచిగురు పప్పు తెచ్చిన డబ్బా.
మెడలో టోకెన్ల దారంతో
కూర్చునే నిద్రపోయిన చెంగల్రాయుడు.
ఆఖర్న, మూడువేల ఎనిమిదొందల నలభై ఏడో నంబరు సంచి.

ఆ సంచి కోసం ఎవురూ రాలేదు.
మూడో దినం రిజిస్టరులోకి ఎక్కించాలని
ముడి విప్పి, ఫోటో తీసినా.
సరిగ్గా ఆ గడియకే అది మోగింది.
పగిలిన అద్దం మీద వెలుగు,
వెలుగులో రెండక్షరాలు: ఇల్లు.

ఎత్తకూడదు. రూలు.
మోగి మోగి ఆగిపోయింది.
సాయంత్రానికి ఛార్జింగు కూడా.

ఇప్పుడు మిద్దె మీద ఎటు తిరిగినా
కొండ జరిగిపోతాది, మొకాలు జరిగిపోతాయి,
అది మాత్రం నడిమధ్యనే ఉండాది.
ఇల్లు అని పిలస్తానే.

రేపు డ్యూటీకి పోతానే చెంగల్రాయుడిని అడగాల,
ఇట్లాంటి దానికి
దిక్కు మనమే రాయొచ్చా అని.