పద్నాలుగో నంబరు పానా

కాసిమేడు గాలికి
ఫిల్టరు నట్టు ఉప్పు తిని కూర్చుంది.
బండి కింద వెల్లకిలా పడుకుని
పద్నాలుగో నంబరు పానాతో నేను.
రెండుసార్లు జారింది.
మూడోసారి కణుపు మీద తోలు లేచింది.

"మూలలు అరగదీశావంటే
ఇక నీకూ నాకూ దిక్కులేదబ్బయా"
అన్నాడు పెంచలయ్య.
నెల్లూరు వదిలి నలభై ఏళ్లు,
అబ్బయాని మాత్రం వదల్లేదు.

నాలుగు చుక్కల నూనె వేసి
ఇక ముట్టుకోవద్దన్నాడు.
చెవి మీద బీడీ, వెలిగించకుండా.
నా కళ్లెదుట ఐసు లారీల చక్రాలు
నీళ్లు కార్చుకుంటూ పోయాయి.
ఎవరో చేపల బేరం తెగ్గొట్టుకున్నారు.

అప్పుడొచ్చి పక్కన దూరాడు.
ఒక పానాతో ఫిల్టరు మెడ పట్టుకుని
రెండోదాన్ని
విప్పే వైపు కాదు,
బిగించే వైపు
వెంట్రుకవాసి తిప్పాడు.
కిర్రుమంది.
ఆ తర్వాతే ఇటు.

మోచేతి దాకా చల్లగా పెట్రోలు.
పాత ఫిల్టరు వంచితే గుడ్డ నిండా
డికాక్షన్ రంగు మడ్డి.

కొత్తది బిగిస్తూ
పళ్లు బిగపట్టి ఇంకో చుట్టుకి పోతున్నానా,
మణికట్టు పట్టుకున్నాడు.
"చాల్లే.
రేపు విప్పేవాడూ మనిషే."