కిరాయి బిల్లు

షామియానా ఒకటి, కుర్చీలు రెండు నూర్లు,
బాక్సులు నాలుగు, మైకులు రెండు.
జడ్చర్ల నుంచి ట్రాలీ కిరాయి వేరే.
పలుగురాళ్ల గుట్ట కింద
ప్రజాభిప్రాయ సేకరణ అని బ్యానర్ గట్టిండ్రు.
బ్యానర్ నాది కాదు.

ముప్పై ఏండ్లాయె, నేను గొంతులు కిరాయికియ్యవట్టి.
జెండా ఏదైనా వైరు ఒక్కటే.
నాకు తెలిసిన రాజకీయమంత ఇంతే:
మైకు మూతిని బాక్సుకెదురుగ పెడితె
తన గొంతు తనే ఇని, ఇన్నదే మళ్ల ఒర్రి
చెవులు పలిగేటట్టు కూత పెడ్తది.
సర్కార్లు గూడ గట్లనే చెడిపోతయి.

కంపెనీ సారు తెర మీద బొమ్మలు చూపిచ్చిండు.
గుట్ట పిండయితదంట.
పిండి లారీలెక్కి, ఓడలెక్కి,
మనకు నోరు తిరగని దేశంల అద్దమైతదంట.
నా జేబుల ఫోను మెల్లగ వణికింది,
కిస్తు కట్టుమని మెసేజు.
గుట్ట పోకముందే గుట్ట ముక్క
అప్పు మీద నా దగ్గరికొచ్చింది.

మనిషికి మూడు నిమిషాలన్నరు.
కుర్వ బీరమ్మ లేసింది.
గొర్రెపిల్ల మెడ వట్టినట్టు మైకు వట్టి
"కొనేటోడు ఏడి?" అన్నది.
"నువ్వు నౌకరోనివి. ఈ సారు సంతకమోడు.
మీ ఇద్దర్ని తోలినోనికి ఒక పేరుంటది గద.
ఎనకట దొర గడీల కూసునేటోడు,
కట్టెలు వట్టుకోని ఏ దిక్కు వోవాల్నో
మా తాతలకు తెలుస్తుండె.
వీనికి గడీ లేదు, మొకం లేదు, ఊరు లేదు.
ఊరు లేనోనికి ఊరెట్లియ్యాలె?
ఆ ఖాళీ కుర్చీల కూసోవెట్టుండ్రి వాన్ని,
అప్పుడు మాట్లాడుదం."

డయాసు మీద ఒక కనుబొమ్మ లేసింది.
నాకు ఆ సైగ తెలుసు.
వద్దనుకునే లోపల్నే
వేలు పోయి నాబు తిప్పింది.

సప్పుడు వోయింది. బీరమ్మ ఆగలే.
ముంగటోళ్లు ఆమె మాటను ఎనకకు చెప్పిండ్రు,
ఎనకోళ్లు ఇంకా ఎనకకు.
తాడు కాడ నిలవడ్డ పోలీసాయన గూడ
పరాకుగ ఒక ముక్క పక్కోనికి అందిచ్చిండు.
తట్టలు అందిచ్చే వరుస యాదికొచ్చింది నాకు,
ఏడేడనో డ్యాములు గట్టొచ్చిన
పాలమూరు చేతుల వరుస.
గుట్టకు తగిలి "ఏడి" అని తిరిగొచ్చింది మాట.
నా నాలుగు బాక్సులు మూగవడి ఇన్నయి.
కరెంటు లేకుండ నడిచే మైకుసెట్టు
నేను అంతదాంక చూడలే.

మర్నాడు ఆఫీసుల కాయితం ముంగట వెట్టిండ్రు:
"ధ్వని పరికరం చెడిపోయినందున
అభ్యంతరాలు స్పష్టంగా వినబడలేదు."
కింద నా పేరు, పక్కన ఖాళీ గీత.
సంతకం వెడితె బిల్లు పాసంట.

తొమ్మిదివేల ఆరునూర్లు.
ట్రాలీ బషీరుకు ఇంకా బాకీనే ఉన్న.
పెన్ను చానసేపు వట్టుకున్న.
సంతకం జాగల రాసిన:
మైకు మంచిగనే ఉండె సారూ,
చెడిపోయింది చెయ్యి.

బిల్లు ఇంకా రాలే.
లెక్క వెడితె కుర్చీ ఒకటి తక్కువొచ్చింది.
బీరమ్మ ఇంటి ముంగట ఉందంట,
ఎవ్వర్నీ కూసోనిస్తలేదంట.
అడగనీకి పోతలేను.