నల్ల వైరు

వేట నిషేధం రేపటితో సరి.
హార్బరులో బోట్లన్నీ కొత్త రంగు వాసనేస్తున్నాయి.
పొద్దుగూకాక మసేను వచ్చి
గుడ్డలో చుట్టిన ఫిష్ ఫైండర్ నా బల్ల మీద పెట్టాడు.
"లోతు సెప్పడం మానీసినాదమ్మా" అన్నాడు
మాట పడిపోయిన పిల్లని చూపించినట్టు.

మూత విప్పితే బోర్డు నిండా పచ్చని చిలుము.
బ్రష్షూ స్పిరిటూ పెట్టి తోమాను.
తెర వెలిగింది. లోతు ఉండాల్సిన చోట మూడు గీతలు.
సరే, లోపల తీగలో ఏదైనా మాట పారుతోందా అని
వినే పెట్టె బయటకి తీశాను:
అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది,
ఎనిమిది చెవులు, యూఎస్‌బీ తోక,
లాజిక్ ఎనలైజర్ అని పెద్ద పేరు.

స్టార్ట్ నొక్కాను. రెండు సెకన్లు నడిచి ఆగిపోయింది.
మళ్ళీ నొక్కాను. మళ్ళీ రెండే.
సెకనుకి రెండు కోట్ల నలభై లక్షల సార్లు చూడమన్నది నేను,
అదే హబ్బుకి ఫోనూ, చిన్న ఫ్యానూ, పాటల పెన్‌డ్రైవూ
వేలాడదీసిందీ నేనే,
సన్నపు గొట్టంలో సముద్రం పట్టలేదని
పెట్టెను తిట్టిందీ నేనే.
హబ్బు పీకేశాను. ఫ్యాను ఆగింది.
చెమటకి కళ్ళజోడు జారుతోంది.
డాబాగార్డెన్స్‌లో కొన్న కేబులు కూడా
వంచితే ఒక మాట, వంచకపోతే ఒక మాట.
ప్రింటరు కేబులు పీకి తగిలించాను.

విసుగొచ్చి ఏకంగా ఇరవై వేలకు దించేశాను.
ఇప్పుడు ఆగడం లేదు, కానీ వచ్చేదంతా తుక్కు.
కిటికీలోంచి కొండ మీద లైట్‌హౌస్ ఒకసారి మెరిసింది.
అది ఆరినప్పుడల్లా కళ్ళు తెరిచి
వెలిగినప్పుడల్లా మూసుకునేవాడికి
ఆ కొండ మీద దీపమే లేదు.
పది లక్షలకి పెంచాను.

అయినా దెయ్యాలు.
ఒక్క తీగే తగిలించాను, ఎనిమిది గీతలూ వణుకుతున్నాయి,
ఒకటి లావుగా, ఒకటి సన్నగా, జ్వరమొచ్చిన చేతిరాతలా.
చిప్పు పోయిందనుకున్నాను.
పార్టు చెన్నై నుంచి రావాలి, వారం పడుతుందని
ఒక అబద్ధం కూడా నాలిక చివర సిద్ధం చేసుకున్నాను.

స్టూలు మీద కూర్చుని బీడీ ముట్టించకుండా
వేళ్ళ మధ్య తిప్పుతున్న మసేను అడిగాడు:
"ఆ నల్లదేటి, ఊరికినే ఏలాడతంది?"

గ్రౌండు వైరు.
కంచరపాలెం పాలిటెక్నిక్‌లో మొదటి రోజు
మొదటి గంటలో చెప్పిన పాఠం.
ఎత్తంటే ఎక్కణ్ణుంచి ఎత్తు,
లోతంటే ఎక్కణ్ణుంచి లోతు,
ఆ ఎక్కడ్నుంచి అన్నదే
రెండు గంటలుగా బల్ల అంచున గాల్లో ఊగుతోంది.
సముద్రం మీద బతికే మనిషికి కనబడింది, నేల తగల్లేదని.

క్లిప్పు తగిలించాను.
ఏడు గీతలు పోటు లేని పూట నీళ్ళలా పడుకున్నాయి.
ఎనిమిదోది మాట్లాడింది,
నలభై ఎనిమిది వందల వేగంతో, తప్పు లేకుండా:
డాలరు గుర్తు, అయిదు అక్షరాలు,
కామా, కామా, కామా.
మధ్యలో ఖాళీ.

నవ్వొచ్చింది. సెన్సరు నా బల్ల మీద
పొడి గుడ్డలో పడుకుని ఉంది.
నీళ్ళే లేని చోట లోతడిగితే
ఏ పెద్దమనిషైనా అంతకంటే ఏం చెబుతాడు?
చిలుము వదిలినప్పుడే అది బాగుపడింది.
ఆ తర్వాత బాగుచేసుకున్నదంతా నన్నే.

బ్యాటరీ పట్టుకుని జెట్టీకి నడిచాం.
సెన్సరు నీళ్ళలోకి దించితే
తెర మీద ఆరు పాయింట్ రెండు.
మసేను నమ్మలేదు. సీసం గుండు కట్టిన తాడు వదిలి
పైకి లాగి, చేతులు చాచి కొలిచాడు,
తడి తాడు అతని ఛాతీ మీదుగా పోతుంటే.
"మూడు బారలూ, మూరన్నర" అన్నాడు.
ఫోనులో లెక్క కట్టి చూశాను. సరిపోయింది.

"డబ్బులు సేప దిగినాక" అని వెళ్ళిపోయాడు.
చెన్నై సంగతి చెప్పలేదు.
కొట్టుకి తిరిగొచ్చి, లైటు తీసే ముందు,
నల్ల క్లిప్పు పళ్ళకి పట్టిన తుప్పు
ఉప్పుకాగితంతో రుద్దాను, చాలాసేపు.