నీవా

పొద్దున ఐదున్నరకే వచ్చిండారు జనం,
గ్రీమ్స్‌పేటలో మా మేడం ఇంటి ముందరికి.
సగం మందికి కొండమీద దర్శనానికి లెటరు కావాల,
తక్కిన సగానికి బోరు కావాల.
నన్ను గజేంద్ర అంటారు. ఆమె పీయేని.
అంతకు ముందు పదారేండ్లు
ఆమె ల్యాబులో సీసాలు కడిగినోణ్ణి.

డాక్టర్ మునికుమారి, భూమిలో నీళ్ళ సైంటిస్టు.
ఓట్లడగను పోయినప్పుడు కూడా
సంచిలో టేపు పెట్టుకునే పోయింది.
ఒక దండం పెట్టేది, బోరు మూత తీయించేది,
టేపు వదిలి, లోతు నా చెవిలో చెప్పేది.
నేను రాసుకుంటి.
అట్లా గెలిస్తిమి,
మూడువేల చిల్లర మెజారిటీ,
నాలుగొందల పన్నెండు బోర్ల లెక్క.

అసెంబ్లీలో ఆమెకిచ్చింది రెండు నిమిషాలు.
"ఆ చెక్‌డ్యాం కడితే నీళ్ళొస్తాయని
గ్యారంటీ ఇస్తారా అధ్యక్షా?" అన్నాడొకాయన.
ఆమె లేచింది. మైకు సర్దుకుంది.
"తెలీదు" అనింది.
"మూడేండ్లు కొలవనిస్తే చెప్తాను."
సభంతా నవ్వు. అంతలోనే గంట.
మరునాడు పేపర్లో ఆమె ఫొటో,
కింద పెద్దచ్చరాల్లో ఆ ఒక్క మాట.

ఇరాల పక్క ధనకోటి, పదకొండు బోర్లేసి
పన్నెండోదానికి సిద్ధమైనోడు.
మేడం పోయి తీగలు పరిచింది, మిషను పెట్టింది,
మిట్టమధ్యాన్నం దాకా ఎండలోనే.
"వద్దు నాయనా, కిందంతా బండే."
ఆయన తలూపినాడు.
సాయంత్రం ఇంకొకాయన్ని పిలిపించినాడు.
ఆయన అరచేతిలో టెంకాయ లేచి నిలబడింది.
పదకొండొందల యాభై అడుగులు.
తెల్లటి దుమ్ము, మామిడి పూతమీదంతా.

వారానికి వచ్చినాడు ధనకోటి.
అప్పు మాట ఎత్తలేదు. బోరు మాటా ఎత్తలేదు.
"కొండకు లెటరియ్యమ్మా, ఐదుమందికి. మొక్కుండాది."
నేను ఆమె మొగం చూసినా.
పేర్లు, వయసులు, ఆధార్ నంబర్లు.
సంతకం పెట్టి కాగితం చేతికిచ్చి
వేరే నోటుబుక్కు తెరిచింది.
"దుమ్ము రంగు మారిందా? ఎన్నో అడుగు కాడ?"
ఆయన చెప్పులు వాకిట్లోనే ఉండాయి.
అరుగుమీద చతికిలబడి చెప్పను మొదలుపెట్టినాడు,
పన్నెండు బోర్లూ, ఒక్కొక్కటే,
దేనికి ఏ నగ తాకట్టు పెట్టిందీ దానితో సహా.
ఆమె నగలు కూడా రాసుకునింది.
బయట క్యూ గొణుగుతా వుండాది.
నేను కాఫీ రొండుసార్లు వేడిచేసినా.

రాత్రి ఇంటికి పోతా బ్రిడ్జిమీద బండి ఆపినా.
కింద నీవా. ఇసక తోడిన గుంతలు,
కంపచెట్లు, సన్నంగా మురుక్కాలవ.
ఎవురు పెట్టిండారో గానీ
మా చిత్తూరు ఏటికి పేరే ఒక ప్రశ్న.
ఎవురు తాగేసింది ఇదంతా అని
ఒక్కొక్క మనిషినే నిలబెట్టి అడిగినట్టు
నీవా?

మా ఇంటెనక ఒక బోరుండాది.
ఆ నాలుగొందల పన్నెండులో అది లేదు.
మూత మీద తొట్టి పెట్టి
కనకాంబరాలు నాటిండాము.