జీరో టికెట్టు

మూసారాంబాగ్ వంతెన మూసేశారు.
బారికేడ్ల వెనక పోలీసు టార్చి ఊగుతోంది:
వెనక్కి, వెనక్కి.
మూసీ ఇవాళ తన పేరు నిలబెట్టుకుంది.
మలక్‌పేట ఇటు ఉండిపోయింది.
అంబర్‌పేట, అందులో నా గది, గదిలో ఆరేసిన బట్టలు
అటు.

పొద్దున్నే కదా
సుద్దముక్క విరిగేంత గట్టిగా బోర్డు మీద రాశాను:
సగానికి మించని ఏ గుంపునైనా తీసుకోండి,
గుంపు ఎంత పెద్దదైతే
బయటికి పోయే దారులూ అంతకంత పెరుగుతాయి.
కూడలికి మూడే తోవలు.
లక్ష కూడళ్ళైనా సరే, మూడే.
అయినా ఆ గ్రాఫుని రెండు ముక్కలు చేయాలంటే
కత్తే అరిగిపోవాలి.

చివరి బెంచీ నుంచి అఖిలేశ్వరి:
"మేడమ్, మన హైదరాబాదు ఎక్స్‌పాండరేనా?"
సిటీ బస్సుల నంబర్లు నాలుగు మనసులో తిప్పి చూసి
"దాదాపు" అన్నాను.
దాదాపు!
పిల్లలు నిరూపణలో ఆ మాట రాస్తే
నేనే మార్కులు కోస్తాను.

యాదమ్మ మిషన్ నొక్కి, చీటీ చింపి ఇచ్చింది.
చార్జీ: సున్నా రూపాయలు, సున్నా పైసలు.
నవ్వొచ్చింది.
మా విద్యంతా ఈ చీటీ కోసమే కదా!
గుప్పెడు నాణేలు నిజంగా ఎగరేసి
గంపెడు బొమ్మాబొరుసులు పుట్టించడం,
చూసేవాడి ఓపిక అయిపోయేలోగా
కల్తీ పట్టుబడకపోతే
అది కల్తీయే కాదనడం.
పాలవాడు కూడా ఇంత ధైర్యంగా చెప్పడు.
ఆఖరికి ఆ గుప్పెడూ మానేసి
ఒక్క నాణెం ఖర్చు లేకుండా
అదే స్టాపులో దిగాలని మా ఆశ.

బస్సు రేకు మీద వాన.
ఏ చినుకు తనకు తోచినట్టు పడుతోందో
ఏది ముందే రాసిపెట్టిన వరసలో పడుతోందో
నా చెవికి అందదు.
నా చెవి పేద యంత్రం.

బస్సు చాదర్‌ఘాట్ వైపు తిరిగింది.
ఊరంతా చాదర్‌ఘాట్ వైపే తిరిగింది.
ఇంత పెద్ద గ్రాఫు
ఒక్క గీత పట్టుకుని వేలాడుతోంది.
గంటకి నలభై అడుగులు.
ఎవరో బఠాణీలు పంచారు.

రెండు బస్సుల సందులో డెలివరీ కుర్రాడు,
ఫోను తడిసి చచ్చింది.
"కాచిగూడ కిధర్, అమ్మా?"
యాదమ్మ చెయ్యి చూపించింది.
ముందు బస్సు దగ్గర మళ్ళీ అదే అడుగుతున్నాడు.
వచ్చిన తొవ్వ యాదిలో లేదు,
పోవాల్సింది తెలీదు,
ఇప్పుడు నిలబడ్డ చోటొక్కటే జేబులో.
అంత చిన్న జేబుతో
ఏ చిట్టడవిలోంచైనా బయటపడొచ్చని నిరూపణ ఉంది.
నేను మూడుసార్లు చదివాను.
వాడు చదవలేదు,
నాకంటే ఆరు బస్సులు ముందున్నాడు.

"దిగుతా" అన్నాను.
"గా నీళ్ళల్ల ఏడికి పోతవమ్మా,
తొవ్వ ఎవరినడుగుతవ్?"

ఆ నిరూపణలో నాకు గుర్తున్నది అల్లిక ఒక్కటే:
చిన్నడుగు, పెద్దడుగు, మళ్ళీ చిన్నడుగు.
రెండు బైకుల మధ్య చిన్నది.
డివైడర్ మీంచి పెద్దది, చెప్పు ఒకటి పోయింది.
పిడికిట్లో చీటీ నానిపోయి
సున్నాలు వేలికంటుకున్నాయి.
వంతెన కింద నీళ్ళు
ఎవరినీ దారి అడగకుండా.
వెనకనుంచి యాదమ్మ ఇంకా ఏదో అరుస్తోంది.
మూడో అడుగు గాల్లోనే ఉంది.