మూడో అంతస్తు

మంగళవారం పొద్దున షట్టర్ సగమే లేచింది.
వంగి లోపలికి పోయినం, ముప్పై ఎనిమిది మందిమి.
మూడో అంతస్తుల, బిల్లింగ్ కౌంటర్ మీద
ల్యాప్‌టాప్ తెరిచి
హైదరాబాద్ నుంచి వచ్చిన పిలగాడు ఒక మాటన్నడు:
పునర్వ్యవస్థీకరణ.
యాకమ్మ నా చెవుల అడిగింది,
"గది ఏ రకం చీరె?"
నాకు నవ్వొచ్చింది.
ఆ నవ్వు ఇంకా గొంతులనే ఉన్నది.

పదకొండేండ్లు
హనుమకొండ చౌరస్తా కాడి ఈ దుకాణంల
రోజుకు నూరు చీరెలు నా భుజం మీదేసుకొని చూపించిన.
పెండ్లిపిల్లల తల్లులు కొంగు చూసిండ్రు,
అంచు చూసిండ్రు, ధర చూసిండ్రు.
కూసుంటే తప్పు. గోడకు ఆనుకుంటే తప్పు.
రాత్రి ఇంటికి పోయి
కాళ్లను గోడకెత్తి పెడితే
అవి నావేనా అనిపించేది.

పేర్లు చదివిండు.
లిఫ్టు కాడి కొమురెల్లి. యాకమ్మ.
బొమ్మలకు చీరెలు కట్టే నస్రీన్.
అప్పుడామె నోట్లె ఆరు గుండుపిన్నులున్నయి.
ఏడ్వనీకె ముందు
ఒక్కొక్కటి తీసి
పక్కనున్న బొమ్మ భుజానికి గుచ్చింది.

ఆల్టరేషన్ సారయ్య చెయ్యెత్తిండు:
"సారూ, శనివారం ఇస్తనన్న ప్యాంట్లు నాలుగున్నయి.
కుట్టి పోవాల్నా, ఇడిసి పోవాల్నా?"
పిలగాడు స్క్రీన్‌ల వెతికిండు.
దానికి గడి లేదు.

నా పేరు రాలేదు.
రాలేదని తెలిసినంక మోకాళ్లు తేలికైనయి.
ఆ తేలికను యాకమ్మ చూసింది.
చూసి, తన వాటర్ బాటిల్ నాకిచ్చింది,
"సగమున్నది, పారబొయ్యకు" అని.

ఆజంజాహి మిల్లు మూతపడ్డనాడు
మా నాయిన టిఫిన్ డబ్బ తెరవకుండనే తెచ్చిండట.
అమ్మ ఎప్పుడు చెప్పినా ఆ డబ్బ సంగతే చెప్పేది,
చల్లబడ్డ పచ్చిపులుసు వాసన.
పైసల సంగతి ఎన్నడు ఎత్తలే.

సాయంత్రం ఆ అంతస్తుకు దీపాలార్పిండ్రు.
బొమ్మలను కిందికి దించే పని నాది.
ఇగ నాలుగు కౌంటర్లు, నేనొక్కదాన్నే.
లిఫ్టు బందు.
ఒక్కొక్కదాన్ని సంకనేసుకొని మెట్లు దిగిన.
ఒకదాని చెయ్యి ఊడి
రెండో అంతస్తు దాక దొర్లింది.

ఆఖరి బొమ్మకు నస్రీన్ కట్టిన చీరె,
సగమే. కుచ్చిళ్లు కాలేదు.
ఫోన్ వెలుతుర్ల పిన్నులు తీసిన.
పెట్టుకునే జాగ లేక
నోట్లె పెట్టుకున్న.
కింది నుంచి మేనేజర్ అడుగుతున్నడు,
అయిపోయిందా, అయిపోయిందా అని.