గోరంత, కొండంత

ముందు బొమ్మ రాక్షసబల్లి.
పచ్చ ప్లాస్టిక్, జానెడు పొడవు,
తోక విరిగితే జిగురుతో అతికించాను.
దాన్ని లెన్సుకి మూరెడు దూరంలో నిలబెట్టి
మిమ్మల్ని నలభై అడుగులు వెనక్కి నడవమంటాను.
ఇంకొంచెం. ఇంకొంచెం. ఆఁ, అక్కడ.
ఇప్పుడు భయపడండి.

ఉయునీ ఉప్పు మైదానంలో నా ఉద్యోగం ఇదే:
బోర్లా పడుకుని, గడ్డం ఉప్పుకి ఆనించి
గోరంతను కొండంత చెయ్యడం,
కొండంత మనుషుల్ని గోరంత చెయ్యడం.
ఇక్కడ చెట్టు లేదు, స్తంభం లేదు,
దూరం ఇంత అని చెప్పే సాక్షి ఒక్కటీ లేదు.
అబద్ధం ఆడ్డానికి ఇంత చదునైన చోటు
బొలీవియా మొత్తం వెతికినా దొరకదు.

జర్మనీ వాళ్లు చిప్స్ డబ్బాలోంచి వరసగా బయటికొస్తారు.
కొరియా పెళ్లికూతురు మొగుణ్ణి అరచేతిలో నిలబెట్టుకుంటుంది.
ఒకాయన తన బూటు కిందే తాను నలిగిపోతూ
మూడుసార్లు తీయించుకున్నాడు, నవ్వు సరిగా రాలేదని.
సాయంత్రం జీపులో అందరూ తలలు వంచుకుంటారు.
మొదట్లో ప్రార్థన అనుకునేవాణ్ణి.
సిగ్నల్ కోసం.

నా చొక్కా గుండీలు చూడండి, ఉప్పు తినేసింది.
ఉప్పు తిన్న మనిషికి విశ్వాసం ఉండాలంటారు,
మనిషిని తిన్న ఉప్పుని అడిగేవాడెవడు?

మా అత్త ఇలారియా కోల్చానిలో ఉప్పు కొడుతుంది.
గొడ్డలి, ఉన్ని ముసుగు, నల్ల కళ్లద్దాలు.
దిమ్మ కోస్తే పక్కన మట్టిరంగు చారలు,
ఒక్కో చార ఒక్కో వానాకాలం.
వేలితో రాస్తూ చెబుతుంది:
ఇది వాన సరిగా పడని ఏడు,
ఇది మీ మామ పోయిన ఏడు,
ఇది నువ్వు పుట్టావు, బండి దిగబడింది.
తర్వాత ఆ దిమ్మని లారీకెత్తుతుంది.

పోయిన ఆగస్టులో బూట్ల కంపెనీ తరఫున
సాంతియాగో నుంచి ఐదుగురు దిగారు.
మకరేనా అనే పిల్ల ట్యాబ్ చూపించి చెప్పింది,
"నిగనిగలాడేవి ఇప్పుడెవరూ చూడట్లేదు సెవెరో,
పచ్చిగా ఉండాలి, నిజంలా ఉండాలి."
నిజంలా, అంది.
అందుకోసం మా అత్తని అద్దెకడిగారు.
నాలుగు వందల బొలీవియానోలు, గొడ్డలితో సహా.

ముందు బూటు. వెనక, చాలా వెనక, అత్త.
తెరమీద బూటు ఓ చర్చి,
దాని గుమ్మం దగ్గర అత్త ఓ చీమ.
"ఇంకొంచెం వెనక్కి!" అని అరిచింది నేనే.
ఇరవై రెండు టేకులు. గాలి.
ఇరవై మూడోసారి
ఆవిడ గొడ్డలి ఎత్తలేదు.
మా వైపు నడవడం మొదలెట్టింది.

ఎవరో ఆపెయ్యమన్నారు. నా వేలు వినలేదు.
చీమ కాస్తా పిల్లయింది, పిల్ల కాస్తా మనిషయింది,
లేసుల ఎత్తుకొచ్చింది, బూటుని దాటింది,
పావడా కుచ్చిళ్లు తెరంతా నిండిపోయాయి.
ఆవిడ టైరు చెప్పుల పక్కన
బూటు బూటంతే ఉంది.
ముసుగు దించి, లెన్సులోకి వంగి అడిగింది:
"పొద్దు నెత్తికెక్కింది.
డబ్బులు ఇప్పుడిస్తారా, తిన్నాకా?"

ప్రకటనలో ఆ ముక్క లేదు.
పదిహేడు లక్షల మంది చూసిన వీడియోలో
చీమ చీమలాగే ఉంది.
ఆ గొడ్డలావిడ గ్రాఫిక్సా అని
కింద ఎవరో అడిగారు.
అవునని ఇంకెవరో జవాబిచ్చారు.

మిగతాది నా ఫోనులో ఉంది. ఎక్కడా పెట్టలేదు.
పెడదామని రెండుసార్లు శీర్షిక కూడా రాశాను,
రెండూ వాళ్ల భాషలోనే వచ్చాయి.

మొన్న అత్తకి చూపించాను.
నవ్వుతుందనుకున్నాను, లేదా తిడుతుందని.
ముఖం దగ్గర ఆగనే లేదు.
గరుకు వేలితో వెనక్కి జరిపి, వెనక్కి జరిపి,
తను నడిచొచ్చిన దారిలో ఒకచోట ఆపి, పెద్దది చెయ్యమంది.
అడుగున నీళ్లు ఉబికి ఉప్పు పలచబడిన చోటుని
మేము కన్ను అంటాం.
"ఇదిగో, ఇక్కడ కన్ను తెరుచుకుంటోంది," అంది.
"జీపు ఇటు తేకు."